కల్లంలో లైవ్

మీరా హుస్సేన్ గారిది అద్దంకి. పాతికేళ్ళ టీవీ విలేకరి. తీసిన క్యాసెట్‌ను హైదరాబాద్ బస్సు డ్రైవర్ చేతిలో పెట్టి బతిమాలుకున్న రోజుల నుంచీ ఉన్నారు. చీమకుర్తిలో క్వారీ విరిగిపడినా, దాచేపల్లి దగ్గర లారీ బోల్తా కొట్టినా ముందు ఆయన, వెనక కెమెరాతో నేను. నా పేరు మార్క్. ఎదుగుదల అంటారా, స్కూటర్ పోయి కారు వచ్చింది. కారు ఆయనదే, పెట్రోలూ ఆయనదే.

ఈ మార్చిలో ఛానల్ వాళ్ళు పాతవాళ్ళను తగ్గిస్తామన్నారు. లైవ్‌లు చూసి ఎవరుండాలో తేలుస్తారట. అది విన్నప్పటి నుంచి ఆయనకు అన్నం సహించలేదు. ఇంకో పని చేతకాదు మరి.

అంతలో అకాల వర్షం. కల్లాల్లో మిర్చి తడుస్తోంది, వెంటనే లైవ్ ఇమ్మంది డెస్కు. దగ్గర్లో ఉన్న కల్లం ఆయనదే, సాగు మాత్రం ఇంటావిడది. వెళ్ళేసరికి ఆయన భార్య అనీసా ఒక్కతే పట్ట కప్పుతూ గాలితో కుస్తీ పడుతోంది. ఇటు కప్పితే అటు లేస్తోంది.

"ఏమండీ! ఆ కొస పట్టుకోండి!"

"రెండు నిమిషాలు. లైన్‌లో ఉన్నా," అన్నారాయన.

లైన్‌లో ఉండమంటే ఇల్లు కూలుతున్నా కదలని మనిషి. కాయల కిందకి నీళ్ళు చేరుతున్నాయి. ఏడాది పంట. నాకు ఒళ్ళు మండింది, కానీ కెమెరా వదల్లేదు. నేనూ అదే బాపతు.

యాంకరమ్మ గొంతు నా చెవిలోనూ వినపడుతోంది. "హుస్సేన్, అక్కడ రైతులెవరైనా ఉన్నారా?"

ఉన్నారంటూ మైకు తీసుకెళ్ళి అనీసా ముందు పెట్టారు. అలవాటైన నోరు దానంతటదే కదిలింది.

"చెప్పండమ్మా. మీ పేరు?"

ఆమె ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది. "అనీసా."

"ఒక్కరే ఉన్నారేంటమ్మా? ఇంట్లో మగవాళ్ళు సాయం రాలేదా?"

ప్రతి వానకీ ప్రతి ఆడమనిషినీ ఆయన అడిగే ప్రశ్నే. అడిగేశాక మాత్రం మొహం పాలిపోయింది.

"మా ఆయనున్నాడండి," అంది అనీసా కెమెరా వైపు తిరిగి. "రోజూ టీవీలో కనపడతాడు. ఊళ్ళో ఎవరికి కష్టమొచ్చినా ముందెళ్ళి నిలబడతాడు. నేను పిలిస్తేనే రాడు."

"చాలా బాధాకరం," అంది యాంకరమ్మ. "ఆయన్ని కూడా ఒకసారి మాట్లాడించండి హుస్సేన్."

హుస్సేన్ గారు మైకు నోటి దగ్గర పెట్టుకున్నారు. చెవిలోది పీకేసి, మైకు మిరపకాయల మీద పడేసి, పట్ట కొస పట్టుకున్నారు. నేను కెమెరా స్టాండు మీదే వదిలేసి ఇంకో కొస అందుకున్నాను.

"గట్టిగా లాగండి," అంది అనీసా, ఆయన మొహం చూడకుండా.

ఆయన లాగారు. సగం మిర్చి అప్పటికే తడిసిపోయింది.