పుట్టను పగలగొట్టిందెవరు?

నాగుల చవితి రేపనగా ఐజాక్ పెరట్లో పుట్ట పగిలిపోయింది.

తెల్లారి మొహం కడుక్కుందామని వచ్చి చూస్తే, నడుమెత్తు పుట్ట ఒక పక్క విరిగి, ఎర్రమట్టి పెళ్ళలు కరివేపాకు చెట్టు దాకా చెదిరి ఉన్నాయి. లోపలి గూళ్ళలోంచి చెదపురుగులు దిక్కు తోచక బయటికి వస్తున్నాయి. విరిగినచోట లోతైన గాట్లు. ఎవరు చూసినా గడ్డపార పోట్లనే అంటారు. ఐజాక్ ముందురోజే గడ్డపారను కొలిమికి తీసుకుపోయి, వీధంతా చూస్తుండగా పదును పెట్టించుకుని వచ్చాడు, దానిమ్మ చెట్టుకు పాదు చేద్దామని.

ఆ స్థలం కొనేనాటికే పుట్ట అక్కడుంది. ఆడవాళ్ళు ఏటా చవితికి వచ్చి పాలు పోసేవారు. ప్రహరీ కట్టేటప్పుడు ఐజాక్ భార్య ఎస్తేరు, మేస్త్రీని ఆపి, పుట్టకెదురుగా చిన్న గేటు పెట్టించింది. చర్చిలో ఎవరో ఇదేమని అడిగితే, "వాళ్ళు నడిచే దారికి నా గోడ అడ్డమెందుకు?" అంది. ఆ గేటుకు ఆమె తాళం పెట్టలేదు. ఆమె పోయాక ఐజాక్ కూడా పెట్టలేదు. అనంతపురంలో డిగ్రీ చదివి, నల్లమాడలో పిల్లలకు సోషల్ చెప్పి రిటైరైన మనిషి. గొంతు పెంచడం ఆయనకు క్లాసులోనే చేతకాలేదు.

పెళ్ళల మధ్య నుంచి దుమ్ములో ఒక గీత కనబడింది. తాడు ఈడ్చినట్టుంది. ఆ గీత వెంట పోతే, అంట్లు కడిగిన నీళ్ళు పారే అరటిచెట్టు దగ్గర తేలాడు. వాన మొహం చాటేసిన ఈ ఏడు పెరడు మొత్తానికీ తడి ఉన్నది అక్కడొక్కచోటే. ఎండుటాకులు పక్కకు తీశాడు.

బుట్టంత సీతాఫలం ఎవరో అక్కడ పెట్టిపోయినట్టుంది. పొలుసు మీద పొలుసు. వేలు తగలగానే ఇంకా బిగుసుకుంది. కాసేపు కదలకుండా చూస్తే, ఊపిరికి పొలుసులు లేచి దిగుతున్నాయి.

అలుగు! పుట్టలు తవ్వి చెదలు తినే అడవి జంతువు. దీన్ని ఐజాక్ ఒక్కసారే చూశాడు, పోయిన వేసవిలో. కింది వీధి తిప్పన్న గోనెసంచిలో కట్టి బండి మీద తీసుకుపోతుంటే సంచి కదులుతూ ఉంది. పొలుసులకు ఎక్కడో మంచి ధర పలుకుతుందట.

"నా పుట్ట పగలగొట్టి నా అరటిచెట్టు కిందనే పడుకున్నావా?" అన్నాడు మెల్లగా. ఆకులు మళ్ళీ కప్పాడు.

అంతలోనే గేటు దగ్గర అలికిడి. వీధి పెద్ద లింగప్ప ముందు, పదిమంది వెనక.

"ఏమప్పా సారూ! అడ్డమనిపిస్తే నోటితో చెప్పుండొచ్చు కదా, చవితి ముందర పగలగొట్టేదా?"

"నేను కాదు లింగప్పా."

"గడ్డపార పదును పెట్టించింది గూడా నువ్వు కాదా?"

ఎవరో నవ్వారు.

"అది దానిమ్మ పాదుకు."

"మరి ఎవరో చెప్పు. వాని కత మేము చూసుకుంటాం."

జవాబు అరటిచెట్టు కింద నిద్రపోతోంది. వేలు చూపిస్తే చాలు, మీద పడ్డ మచ్చ పోతుంది. కానీ లింగప్ప పక్కన తిప్పన్న ఉన్నాడు. అందరూ పుట్టను చూస్తుంటే, అతను నేలను చూస్తున్నాడు.

"ఏదో జంతువు పని మాదిరి ఉండాది సారూ. లోపలికొచ్చి ఒక్క నిమిషం చూసిపోతా."

ఐజాక్ గేటు మూసి, దాని మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు.

"ఈ పొద్దు ఎవరూ లోపలికి రావద్దు."

"చూసినారా! తప్పు చేయకుంటే గేటెందుకు మూస్తాడు?" అన్నాడు లింగప్ప.

"నేనే పగలగొట్టినా అనుకో. ఊరంతా అట్లనే చెప్పుకో. గేటు మాత్రం తీయను."

అప్పుడు జనాన్ని తోసుకుంటూ రామాంజినమ్మ వచ్చింది. ఏటా ఆ పుట్టకు మొదట పాలు పోసే ముసలామె.

"నన్ను గూడా ఆపుతావా సారూ? ఎస్తేరమ్మ ఉంటే ఆపునా?"

ఐజాక్ ఆమె ముఖంలోకి చూశాడు. మనిషి పట్టేంత సందు తెరిచి, ఆమె రాగానే మూశాడు. గోడ చాటున అరటిచెట్టు దగ్గరికి తీసుకుపోయి ఆకులు జరిపాడు. ముద్ద కొంచెం సడలింది. సన్నటి మూతి, మిణుకుమనే చిన్న కన్ను, మళ్ళీ పొలుసులు.

ఆమె బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఇంతుండాది! అంత పుట్ట ఇదే పగలగొట్టిందా?"

"గుట్టల్లో మేత లేదేమో అక్కా. ఆకలి."

"తిప్పన్న బయటే ఉండాడు."

"అందుకే గేటు మూసినా."

రామాంజినమ్మ తొట్టిలో నీళ్ళు ముంచి, రాలిన ఎర్రమట్టి కలిపి, పుట్ట మీద ఒక్క గోటి గాటు కూడా కనబడకుండా అరచేత్తో మెత్తింది. తర్వాత చేతులు కడుక్కోకుండానే గేటు దగ్గరికి పోయింది.

"ఇది మనిషి పగలగొట్టింది కాదు. నేను చూసినా."

"ఏం చూసినావు?" అన్నాడు లింగప్ప.

"చెప్పను."

"చెప్పవా?"

"నీకు చెప్పాలని యాడన్నా రాసుండాదా? రేపు ఈ పుట్టకే పాలు పోస్తా. వచ్చేటోళ్ళు రాండి, రానోళ్ళు ఇంట్లో కూర్చోండి!"

జనం గొణుక్కుంటూ పోయారు. తిప్పన్న ఎదురుగా కల్వర్టు మీద చేరి బీడీ ముట్టించాడు. ఐజాక్ కుర్చీ తెచ్చి అరటిచెట్టు పక్కన వేసుకుని, ఎస్తేరు గొడుగు పట్టుకుని ఎండలో కూర్చున్నాడు. మధ్యాహ్నం రామాంజినమ్మ గోడ మీద నుంచి రాగిముద్ద, పప్పు అందించింది. కల్వర్టు మీద ఉన్నవాడికి ఎవరూ ఏమీ అందించలేదు. ఆకలికి ఆగలేక తిప్పన్న ఇంటికి పోయి, మళ్ళీ రాలేదు.

పొద్దు గూకినాక ఆకులు కదిలాయి. ఐజాక్ లేచి గేటు తెరిచి పక్కకు నిలబడ్డాడు. అలుగు తొందరేమీ లేకుండా, తోక ఈడ్చుకుంటూ దాటి గుట్ట వైపు పోయింది. ఆయన వెనకే పోతూ కాలితో ఆ గీతను చెరిపేశాడు.

చవితినాడు ఎప్పుడూ వచ్చేవాళ్ళలో సగం మందే వచ్చారు. లింగప్ప రాలేదు, అతని భార్య వచ్చింది. రామాంజినమ్మ మెత్తిన మట్టి అంచున చెదలు అప్పుడే వేలెడు తడిమట్టి పేర్చుకున్నాయి. ఆమె పాలు దాని మీద పడకుండా పక్కన పోసింది.

వీధికి అవతల నుంచి లింగప్ప కేకేశాడు. "ఇప్పుడన్నా చెప్పప్పా, ఎవరు పగలగొట్టినారో!"

"చెప్పను!" అన్నాడు ఐజాక్. తిరిగి చూసేంత గట్టిగా వచ్చింది ఆ మాట. ఆడవాళ్ళు నిజంగానే తిరిగి చూశారు.

ఆయన గేటును గోడకు ఆనేదాకా తెరిచి, మూసుకుపోకుండా కింద ఒక రాయి పెట్టాడు.