కుడిచేతి గుండీ

ఫోను మీద త్రిపురసుందరి పేరు కనబడగానే టిమోతికి ఒళ్ళు మండింది. ఆవిడ ఇంటి డిష్షు మీద ఈ నెలలో ఇది మూడో కంప్లైంటు. మొదటిసారి పనులన్నీ ముగించుకుని సాయంత్రం పోతే బొమ్మ బ్రహ్మాండంగా వస్తోంది. రెండోసారి పోతే ఇంకా బాగుంది. "పొద్దున అంతా ముక్కలు ముక్కలుగా వచ్చింది బాబూ, ఇప్పుడే బాగైంది" అని ఆవిడ నొచ్చుకుంటూ చెప్పింది. అతను పళ్ళు కొరుక్కుని, కాగితం మీద సంతకం తీసుకుని వచ్చేశాడు.

ఏడేళ్ళుగా ఇంటింటి డాబా ఎక్కి డిష్షులు బిగిస్తున్నవాడికి మనుషుల సంగతులు కూడా కొన్ని తెలుస్తాయి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు కొందరు నాలుగు మాటలు మాట్లాడే మనిషి కోసమే కంప్లైంటు పెడతారు. ఈవిడా ఆ కోవలోదే అని టిమోతి తీర్మానించేశాడు. తీర్మానాలు చేయడంలో అతనికున్నంత తొందర ఇంకెవరికీ ఉండదు. అవి తప్పని తేలాక మొహం ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం ఇప్పటికీ తెలీదు.

అయినా డ్యూటీ డ్యూటీయే. ఆ గురువారం మూడుంబావుకి ఉప్పల్ చిలకానగర్‌లో ఆవిడ ఉంటున్న మేడ ముందు బండి ఆపాడు. జూలై నెల. ఆకాశం పొద్దుటి నుంచీ మూతి ముడుచుకునే ఉంది. మెట్లెక్కి మొదటి అంతస్తుకు చేరేసరికి ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"నాలుగున్నరకల్లా బాగవ్వాలి బాబూ. ఒక్క నిమిషం అటూ ఇటూ అయినా కుదరదు."

"ఏం సీరియల్ మేడం?" అన్నాడు టిమోతి, వెటకారం దాచుకోకుండా.

"సీరియల్ కాదు. మా ఆయన."

అప్పుడు చెప్పింది. భర్త బుచ్చిబాబు కాలేజీ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాడు. రెండేళ్ళుగా మతిమరుపు ముదిరింది. పోయిన నవంబరులో పాల ప్యాకెట్టు తెస్తానని మెట్లు దిగినవాడు మళ్ళీ ఎక్కలేదు. పోలీస్ స్టేషన్లు, ఆసుపత్రులు, రైలు ప్లాట్‌ఫారాలు, గోడల మీద ఫొటోలు, అన్నీ అయ్యాయి. ఎనిమిది నెలలు గడిచాయి. ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి వార్తల ఛానెల్లో ఏదో అనాథాశ్రమం చూపించారు. బంతిలో కూర్చుని భోంచేస్తున్నవాళ్ళలో చివరి మనిషి నుదురు, ఆ కూర్చునే తీరు ఆయనవే అనిపించాయి. అంతలోనే బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోయింది. మాట కూడా తెగిపోయింది. అది ఏ ఊరో వినబడలేదు.

"నాలుగున్నరకి మళ్ళీ వేస్తారట. ఛానెల్ వాళ్ళకి ముప్ఫై సార్లు చేశాను, ఎత్తరు. కింద ఓనర్లు తాళం వేసుకుని పెళ్ళికెళ్ళారు. పక్కింట్లో కేబుల్, అందులో ఈ ఛానెల్ రాదు. ఫోన్లలోనూ రాదట."

టిమోతికి తల కొట్టేసినట్టయింది. సంచీలోంచి సామాను బయటికి తీశాడు.

తెర మీద బొమ్మ నిజంగానే చెదిరిపోయి ఉంది. ముందుగా అతను వాళ్ళమ్మకి ఫోను చేశాడు. అది అతని పద్ధతి. ఆఫీసువాళ్ళిచ్చిన మీటరు కంటే నాచారంలో ఉన్న తల్లి మరియమ్మ మీదే అతనికి నమ్మకం ఎక్కువ. ఆమె ఇంట్లోనూ ఇదే డిష్షు. అక్కడా బొమ్మ చెదిరితే లోపం పైనుంచి వస్తోందని అర్థం. అక్కడ బాగుంటే లోపం ఈ ఇంట్లోనే ఉన్నట్టు.

"అమ్మా, వార్తల ఛానెల్ పెట్టు. బొమ్మ మంచిగొస్తుందా?"

"మస్తుగొస్తుంది. నీకు పనిలేకుంటే నాకు గూడ లేదా ఏంది? బియ్యం ఏరుతున్న."

"జర గట్లనే ఉంచు, మార్చకు. మళ్ళ జేస్త."

అంటే లోపం ఈ ఇంట్లోనే. బాక్సు చూశాడు. వైరు కొస కోసి కొత్త పిన్ను బిగించాడు. తేడా లేదు. మూడూ నలభై. డాబా మీదికి పరుగెత్తాడు. దండెం మీద తడి దుప్పటి, అయిదు పొడుగు చేతుల చొక్కాలు వేలాడుతున్నాయి. వాటి కిందనుంచి వంగి డిష్షు దగ్గరికి చేరి బోల్టులు వదులు చేశాడు. కింద ఆవిడ టీవీ కనబడేలా గుమ్మంలో నిలబడి, తెర మీది సిగ్నల్ అంకెలు మెట్ల మీదుగా పైకి అరిచి చెబుతోంది.

"ఎంతమ్మా?"

"ముప్ఫై!"

డిష్షుని వెంట్రుకవాసి ఎడమకి తిప్పాడు.

"పడిపోయింది! పన్నెండు!"

కుడికి తిప్పాడు. కొంచెం పైకి ఎత్తాడు.

"యాభై... అరవై రెండు... డెబ్బై ఎనిమిది బాబూ!"

ఊపిరి బిగబట్టి బోల్టులు బిగించాడు. దిగి వచ్చేసరికి నాలుగూ అయిదు. బొమ్మ ఎంత స్పష్టంగా ఉందంటే వార్తలు చదివే అమ్మాయి చెవి కమ్మలోని రాళ్ళు లెక్కపెట్టొచ్చు. టిమోతికి ఇంకా రెండిళ్ళ కంప్లైంట్లున్నాయి, అయినా పోబుద్ధి కాలేదు. కార్యక్రమం అయ్యేదాకా ఉంటానని కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ మాత్రం కూర్చోలేకపోయింది.

నాలుగూ ఇరవైకి కిటికీ రేకు మీద టపటపా చినుకులు మొదలయ్యాయి.

"అయ్యో, బట్టలు!" అంటూ ఆవిడ బకెట్టు అందుకుంది. పెద్దావిడని వానలో ఒక్కదాన్నే పంపడం బాగుండదని టిమోతి కూడా వెంట వెళ్ళాడు. దుప్పటి తనే లాగి మడతపెట్టాడు. చొక్కాలు తీస్తుంటే ఒకటి గమనించాడు. అయిదింటికీ ఎడమచేయి వదులుగా ఉంది, కుడిచేతికి మాత్రం మణికట్టు దగ్గర గుండీ పెట్టి ఉంది.

"ఇదేందమ్మా, ఒక్క చేతికే గుండీ?"

"ల్యాబులో యాసిడ్ పడి కుడిచెయ్యి కాలింది. మచ్చ ఎవరికీ కనబడకూడదు ఆయనకి. మే నెల ఎండల్లో కూడా ఎడమది మోచేతిదాకా మడుస్తారు, కుడిదానికి గుండీ తియ్యరు. అలా పెట్టి ఉంచకపోతే చికాకు. అందుకే ఉతికినా నేను పెట్టే ఆరేస్తాను." ఆవిడ చివరి చొక్కా బకెట్లో వేసింది. "ప్రతి గురువారం ఉతుకుతాను. వచ్చేసరికి ముక్కవాసన రాకూడదు కదా."

తొడగని చొక్కాలు ఎనిమిది నెలలుగా వారం వారం ఉతుకుతున్న ఆ మనిషిని కాలక్షేపానికి కంప్లైంటు పెడుతోందని అనుకున్నందుకు టిమోతికి తన మీద తనకే అసహ్యం వేసింది. బకెట్టు అతనే మోసుకొచ్చాడు.

లోపలికి అడుగుపెట్టగానే ఇద్దరూ కొయ్యబారిపోయారు. బొమ్మ మళ్ళీ ముక్కలు ముక్కలయింది. గడియారం నాలుగూ ఇరవయ్యారు చూపిస్తోంది.

"ఏంటిది? ఏమైంది బాబూ? ఇప్పటిదాకా బాగుందిగా!"

వానవల్లనేమో. ఫోను తీశాడు. "అమ్మా, మనకాడ వాన పడుతుందా?"

"దంచి కొడుతుంది."

"బొమ్మ?"

"బొమ్మకేమైంది, మంచిగనే ఉంది."

వాన కాదు. అమ్మని లైన్లోనే ఉంచి, ఫోను చెవి దగ్గర దోపి, పైన హెల్మెట్ బిగించుకుని డాబా ఎక్కాడు. డిష్షు కదల్లేదు. బోల్టులు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. నాలుగూ అయిదుకి ఉన్నదేంటి, ఇప్పుడు లేనిదేంటి? వానలో నిలబడి వెర్రి చూపులు చూశాడు. అప్పుడు దండెం కనబడింది. ఒక కొస పిట్టగోడ కొక్కేనికి ఉంది. రెండో కొస డిష్షు నిలబెట్టిన ఇనప గొట్టానికే కట్టి ఉంది.

తడి దుప్పటీ అయిదు చొక్కాలూ వేలాడితే ఆ గొట్టం కొంచెం కొంచెంగా వంగుతుంది. ఆరితే నిటారుగా లేస్తుంది. గురువారం పొద్దున బొమ్మ పోవడం, సాయంత్రం అతను వచ్చేసరికి బాగుండటం, అన్నీ దీనివల్లే. డాబా మీద దండెం లేని ఇల్లు ఉప్పల్లో ఉండదు గనక అతని కళ్ళు దాన్ని చూసి కూడా చూడలేదు. పైగా ఇవాళ గొట్టం వంగి ఉన్నప్పుడు డిష్షుని సరిచేశాడు, తర్వాత తన చేతులతోనే బరువు తీసేశాడు.

"టిమోతీ, ఏదో షురువైతుందిరా," అంది హెల్మెట్లోంచి మరియమ్మ.

బోల్టులు విప్పి మళ్ళీ బిగించాలంటే పావుగంట. బట్టలు తెచ్చి ఆరేసే టైము కూడా లేదు. టిమోతి దండెం తాడుని రెండు చేతులకీ చుట్టుకుని కిందికి వేలాడాడు.

"ఎంతమ్మా?"

"ఇరవై!"

మోకాళ్ళు వంచి ఇంకా బరువు వేశాడు.

"అరవై! వచ్చింది! వచ్చింది నాయనా!"

"ఇంక మాట్లాడకుండ చూడండి! బొమ్మ పోతేనే అరవండి!"

కింద గొంతు ఆగింది. వాన మోత తప్ప ఏమీ లేదు. తాడు అరచేతుల్లోకి కోసుకుపోతోంది. భుజాలు వణుకుతున్నాయి, వణికితే బొమ్మ పోతుందని భయం.

"ఆశ్రమం అంటరా," చెబుతోంది మరియమ్మ. "అన్నోజిగూడ కాడనంట. అందరు బంతిల కూసున్నరు. పప్పు పోస్తున్నరు. పాపం ముసలోళ్ళు."

"చివరికి ఎవరున్నరే? చివరికి కూసున్నాయనను సూడు."

"సూపెడుతున్నరు, ఉండు. తెల్లగడ్డం పెద్దమనిషి. గిదేం సోకురా, ఎడమ చెయ్యి మోచేతిదాంక మలుసుకున్నడు, కుడి చెయ్యికేమో గుండీ పెట్టుకున్నడు. అన్నం తినుకుంట గూడ ఇప్పుతలేడు, అంతా మెతుకులైతుంది."

టిమోతికి ఆయనే అని గొంతు చించుకుని అరవాలనిపించింది. అరిస్తే ఆవిడ మెట్ల మీదికి వస్తుంది, ఆ క్షణం ఆవిడ చూపు తెర మీదినుంచి తప్పుతుంది. పెదవి కొరుక్కుని తాడు పట్టుకున్నాడు. కిందినుంచి ఏ అరుపూ లేదు. బొమ్మ ఉన్నట్టేనా? లేక ఆవిడ పడిపోయిందా?

"ఇంక ఉన్నడా అమ్మా?"

"ఉన్నడు. నవ్వుతున్నడు. ఎందుకురా గంత ఫికరు?" కాసేపాగి, "అయిపోయింది. సబ్బు సూపెడుతున్నడు," అంది.

అయినా అతను తాడు వదల్లేదు. చాలాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. త్రిపురసుందరి గొడుగు లేకుండా వానలోకి వచ్చింది. చెప్పులు తొడుక్కుంది. భుజాన సంచీ ఉంది, చేతిలో బకెట్లోంచి తీసిన తడి చొక్కా ఒకటి ఉంది.

"అదేంటి నాయనా, ఇంకా పట్టుకునే ఉన్నావు? వదిలెయ్యి."

వదలాలంటే వేళ్ళు తెరుచుకోలేదు. ఆవిడే ఒక్కొక్క వేలూ విప్పింది.

"అన్నోజిగూడకి బస్సు ఎక్కడెక్కాలి?" అని అడిగింది.

"బస్సెందుకమ్మా, నా బండి లేదా?" అన్నాడు టిమోతి. అనేసరికి ఏడుపొచ్చింది.

"ఎవరురా ఏడుస్తున్నది?" హెల్మెట్లోంచి మరియమ్మ గాభరాగా అడిగింది.

"నేనేనే అమ్మా. ఇంటికొచ్చినంక చెప్త."

బోడుప్పల్ దాటాక వాన తెరిపిచ్చింది. వెనక కూర్చున్న త్రిపురసుందరి చొక్కా భుజాలు రెండు చేతులా పట్టుకుని గాలికి ఆరబెడుతోంది. మేడిపల్లి దగ్గర మొదటిసారి నోరు విప్పింది.

"నన్ను గుర్తుపడతారంటావా బాబూ? వెళ్ళేనాటికే రోజుకి రెండుసార్లు నా పేరు అడిగేవారు."

టిమోతి బండి కొంచెం నెమ్మది చేశాడు. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"ఏమోనమ్మా. కానీ ఆ చొక్కా ఎడమచేతి గుండీ పెట్టకుండ్రి. ఏ చెయ్యికి పెట్టుకోవాల్నో ఆయనకు యాదికుంది."

ఆవిడ చొక్కాని ఒళ్ళోకి తీసుకుని, కుడిచేతి గుండీ ఉందో లేదో వేళ్ళతో తడిమి చూసి, మళ్ళీ గాలికి పట్టుకుంది.