కొట్టినవాడి వాటా

తిమ్మప్ప దగ్గర ఒక పాత డైరీ ఉండేది. దోహాలోని ముషైరిబ్ పేటలో ఒక మలయాళీ కొట్టు బయట కట్టలు కట్టి అమ్మే పాత ఇంగ్లీషు పత్రికలు కొని, వాటిలోని తుపాకుల బొమ్మలు కత్తిరించి ఆ డైరీలో అంటించేవాడు. ఇంగ్లీషు చదవడం రాదు, బొమ్మ చాలు. ప్రతి బొమ్మ పక్కనా పెన్సిలుతో ఒక అంకె వేసేవాడు, చచ్చేలోగా కాల్చి తీరాల్సినవాటిలో దాని వరస ఎంతో తెలిసేలా. మూడోది పోలీసుల త్రీనాట్‌త్రీ. రెండోది, మీట కిందికి లాగి తూటా పెట్టే పాతకాలపు మార్టినీ. ఒకటో అంకె వేసిన పేజీలో మాత్రం బొమ్మ లేదు. అక్కర్లేదు కూడా, ఎందుకంటే ఆ తుపాకి అతను పనిచేసే ఇంట్లోనే, అతిథులను కూర్చోబెట్టే మజ్లిస్ పక్కగదిలో, అద్దాల బీరువాలో ఉంది.

అది జోడుగొట్టాల ఇంగ్లీషు తుపాకి. ఇంటి ముసలాయన తండ్రి ముత్యాల వ్యాపారం చేసే రోజుల్లో బొంబాయిలో కొన్నాడట. ఇంటి ముసలాయనను పనివాళ్ళంతా బాబా అనేవారు. తిమ్మప్ప హౌస్ డ్రైవరు, వచ్చి ఆరేళ్ళు. బాబాను ఆసుపత్రికీ మసీదుకూ తిప్పడం జీతమిచ్చే డ్యూటీ. శుక్రవారం శుక్రవారం తుపాకి తుడవడం తనకు తనే వేసుకున్న డ్యూటీ. గొట్టంలోకి గుడ్డ దూర్చి లాగితే నల్లగా మసి వచ్చేది. బాబా కొడుకు జాసిం కాల్చిన మసి, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు కాల్చిన మసి. ఆరేళ్ళు పరాయి మసి తుడిచిన మనిషికి ఒక్కసారి తన మసి తాను తుడుచుకోవాలని ఉండేది. పిచ్చి అంటారా, పిచ్చే. కొందరికి పేకాట, కొందరికి కోడిపందెం, ఇతనికిది.

ఆ పిచ్చి కళ్యాణదుర్గం పక్కన మొదలైంది. వాళ్ళు బోయవాళ్ళు. తండ్రి ఊరి రెడ్డిగారి వేరుశనగ చేలకు కాపలా ఉండి, రెడ్డిగారి తుపాకితోనే అడవిపందుల్ని కొట్టేవాడు. పంది పడిన రోజు మాంసం పోగులు పోసి ఇంటింటికీ పంచేవారు. తల మాత్రం పోగుల్లో కలిపేవారు కాదు. అది కొట్టినవాడిది. ఆ తలను భుజాన వేసుకుని నాన్న వీధి మధ్యలో నడుస్తుంటే, వెనకాలే తిమ్మప్ప ఛాతీ విరుచుకుని నడిచేవాడు. "మీసాలు రానీరా, నీ చేతికిస్తా" అనేవాడు నాన్న. మీసాలొచ్చిన ఏడే ఎన్నికలొచ్చాయి. లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో పెట్టమన్నారు, పెట్టారు. ఎన్నికలవగానే రెడ్డిగారు పోయారు, కొడుకులు బెంగళూరు చేరారు, తుపాకిని విడిపించే నాథుడు లేకపోయాడు. ఈపాటికి చీటీ కట్టిన మెడతో ఆ స్టేషన్లోనే ఏ మూలనో పడి ఉంటుంది.

అందుకని తిమ్మప్ప కోరికలో కాల్చడం సగమే. తను కొట్టింది నలుగురూ తినాలి, తల తన చేతికి రావాలి. ఒకసారి కారులో వెళ్తూ ఇదంతా బాబాకు చెప్పాడు. బాబా మాట సగం అరబ్బీ, సగం డ్రైవర్ల దగ్గర పట్టిన హిందీ. ఆరేళ్ళలో అది తిమ్మప్పకు తెలుగంత సులువుగా అర్థమయ్యేది.

"మీ దగ్గరా తలేనా? మా దగ్గరా పళ్ళెం మీద తల పెద్ద అతిథికే" అని బాబా పొట్ట పట్టుకుని నవ్వాడు.

తొంభై ఏడు ఎండాకాలంలో బాబా కంటికి ఆపరేషన్ అయింది. మూడు వారాలు తిమ్మప్పే చెయ్యి పట్టుకుని నడిపించాడు. ఒకరోజు ఆసుపత్రి మెట్ల మీద బాబా ఆగి, "ఈ చలికాలం ఒక తూటా నీది" అన్నాడు. ఆ మాట విన్నప్పటినుంచీ తిమ్మప్ప రోజులు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు. నవంబరులో వెళ్ళాల్సిన సెలవు కూడా వాయిదా వేసుకున్నాడు. అనంతపురం జిల్లాలో ఉన్న భార్య ఆంజనమ్మకు క్యాసెట్‌లో మాటలు రికార్డు చేసి పంపుతూ, "తుపాకి పని ఒకటుండాది, అదయినాక వస్తా" అన్నాడు. ఆవిడ ఏమనుకుందో ఏమో.

డిసెంబరులో మెసయీద్ ఊరు దాటి దక్షిణంగా ఇసుకలో వేటకు గుడారాలు వేశారు. బాబా, జాసిం, బాబా స్నేహితులు ఇద్దరు, జాసిం డేగ, వంటకు రఫీ. రఫీది రాయచోటి. అదే ఇంట్లో వంటవాడు, తిమ్మప్పకు ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క తెలుగు నోరు. మూడో రోజు పొద్దున చాయ్ తాగాక బాబా తుపాకి తెప్పించి, ఒకే ఒక్క తూటా తిమ్మప్ప అరచేతిలో పెట్టాడు. రఫీ ఖాళీ టమాటా డబ్బా ఒకటి తీసుకెళ్ళి ఇసుకదిబ్బ మీద నిలబెట్టి వచ్చాడు. జాసిం కుర్చీలోంచి లేవకుండానే చూస్తున్నాడు.

తిమ్మప్ప తుపాకి భుజానికి ఆనించాడు. ఆరేళ్ళు తుడిచిన కర్ర, దవడకు చల్లగా తగిలింది. సరిగ్గా అప్పుడే దిబ్బ పక్క పొదలోంచి ఒక కుందేలు లేచి పరుగు తీసింది. ఇక డబ్బా ఎవరికి కావాలి? గొట్టం దానంతట అదే తిరిగింది. బాబా ప్రతి గుండుకూ ముందు అనే మాట ఆరేళ్ళుగా వింటున్నాడు కాబట్టి, పద్ధతి తప్పకూడదని, తిమ్మప్ప కూడా పైకే "బిస్మిల్లా" అని మీట నొక్కాడు.

కుందేలు ఒక్క పల్టీ కొట్టి ఆగిపోయింది. అంత సంతోషం తిమ్మప్పకు ఆంజనమ్మ మెడలో తాళి కట్టినరోజు కూడా కలగలేదు, ఇది ఆవిడకు చెప్పకూడని సంగతి.

"యల్లా రఫీ, యల్లా!" అని తొందరపెడుతూ వెనక నుంచి కేకలు. రఫీ కత్తి పట్టుకుని దౌడు తీశాడు. అందరికీ తనంత ఉత్సాహం వచ్చిందనుకుని తిమ్మప్ప కూడా వెంటే పరిగెత్తాడు. రఫీ మోకాళ్ళ మీద కూర్చుని, కుందేలు రొమ్ము మీద రెండు వేళ్ళు పెట్టి చూశాడు.

"పానం ల్యాదన్నా" అన్నాడు.

"కొట్టినాక పానం యాడుంటాదిరా?"

"ఉండాల్సింది. రవ్వంత కొట్టుకుంటా ఉన్నింటే నేను కోసేటోణ్ణి, అందరం తినేటోళ్ళం. ఇంత బాగా యాల కొట్టినావన్నా?"

తిమ్మప్పకు అర్థం కాలేదు. "నేను బిస్మిల్లా అన్యా గదరా. నువ్వు ఇన్ల్యా?"

"ఇన్న్యా. బాగా అన్యావు. మాటొకటే సాలదన్నా. కాల్చేటోడు గూడా మావోడై ఉండాల. ల్యాకపోతే మాకు హరామ్, తినగూడదు."

ఈలోగా బాబా కర్ర ఆనించుకుంటూ వచ్చాడు. తిమ్మప్ప భుజం మీద, తుపాకి వెనక్కి తన్నిన చోటే చెయ్యి వేశాడు. "మా నాన్న గురి ఇలాగే ఉండేది. ఈ తుపాకి ఇలా మాట్లాడి ఎన్నాళ్ళయిందో" అన్నాడు. కుందేలు వైపు చూసి, "ఇది మేం తినలేం తిమ్మా. నువ్వు తిను. నీకు వేరే కుండ పెట్టిస్తా" అన్నాడు. ఆయన కళ్ళలో నిజంగానే బాధ ఉంది.

తిమ్మప్పకు కోపం రాలేదు. ఎవరి మీద వస్తుంది? వాళ్ళ కట్టుబాటు వాళ్ళది. వేరే కుండ అనే మాట అతనికి కొత్తదీ కాదు, రెడ్డిగారి వసారాలో చిన్నప్పుడే పరిచయమైంది. ఏడుపూ రాలేదు. తన్ను తిన్న భుజం మొద్దుబారింది. ఆ మొద్దు భుజం దగ్గర ఆగకుండా లోపలికి దిగింది. నిలబడి కుందేలు చెవులు చూశాడు. కొంచెం వంకరగా కొట్టి ఉంటే ఈపాటికి రఫీ కుండలో ఉడుకుతుండేది కదా అనుకున్నాడు.

"ఒక్కణ్ణే తిని ఏం చేసేది బాబా, డేగకెయ్యండి."

ఆ మాట కోసమే కాచుకున్నట్టు జాసిం కుర్చీలోంచి లేచాడు. డేగ తింటున్నంతసేపూ కుందేలు కాళ్ళు కదలకుండా పట్టుకుంది తిమ్మప్పే. తల దగ్గరికి వచ్చేసరికి డేగకు ఆకలి తీరిపోయింది. జాసిం ఆ తలను ఇసుకలోకి విసిరేశాడు.

మధ్యాహ్నం పెద్ద పళ్ళెం నిండా అన్నం, దాని మీద మాంసం, పైన గొర్రె తల. అందరూ చుట్టూ కూర్చున్నారు. పికప్ నీడలో విడిగా కూర్చున్న తిమ్మప్ప దగ్గరకు బాబా స్వయంగా ఒక చిన్న పళ్ళెం తెచ్చి ముందు పెట్టాడు. అందులో ఆ గొర్రె తల ఉంది.

"కొట్టినవాడిది తల. నాకు గుర్తుంది" అన్నాడు బాబా.

దోహా సంతలో గురువారం ఆ గొర్రెను బేరమాడి, కాళ్ళు కట్టి పికప్ ఎక్కించింది తిమ్మప్పే. ముసలాయన ఎదురుగా నిలబడి చూస్తున్నాడు, తినకపోతే బాగుండదు. తిన్నాడు. ఉప్పుందో లేదో కూడా తెలియలేదు. బాగుందా అని రఫీ అడిగితే బాగుందన్నాడు.

తిన్నాక అలవాటు కొద్దీ తుపాకి విప్పి, గొట్టంలో గుడ్డ దూర్చి లాగాడు. నల్లగా వచ్చింది. తన మసి. ఆరేళ్ళు ఎదురుచూసిన మసి. వేళ్ళతో నలిపి చూశాడు, జాసిం మసిలాగే ఉంది. గుడ్డ పొయ్యిలో వేసి, చేతులు ఇసుకతో రుద్దుకున్నాడు.

ఆ శుక్రవారం దోహాలో, మధ్యాహ్నం, గదిలో కూర్చుని క్యాసెట్ పెట్టాడు. సాయంత్రం కళ్యాణదుర్గం మనిషి ఒకడు సెలవు మీద పోతున్నాడు, వాడి చేతికివ్వాలి. మంచం మీద రఫీ ఉల్లిపాయలు ఒలుస్తున్నాడు. తిమ్మప్ప బటన్ నొక్కాడు.

"ఆంజనమ్మా, తుపాకి కాల్చినా. పరుగెత్తే కుందేల్ని ఒక్క దెబ్బకే కొట్టినా. తల నాకే ఇచ్చినారు, బాబా ఆయప్పే తెచ్చి పెట్టినాడు. నాయన ఉంటే సంతోషపడుండేటోడు."

అందులో ఒక్కటీ అబద్ధం లేదు. రఫీ ఉల్లిపాయ ఒలవడం ఆపి అతని వైపు చూశాడు. తిమ్మప్ప టేపు వెనక్కి తిప్పి విన్నాడు. ఎవరో వేరే మనిషి, తిండి బాగా తిని, తీరిగ్గా కూర్చుని చెబుతున్నట్టుంది.

"ఇంగ సెలవు పెట్టేస్తా రఫీ" అన్నాడు. "ఈడ నాకు ఇంగ పనేమీ ల్యా."