సగం చదివిన తీర్పు

1977 వానాకాలంలో ఒక పొద్దున, బాన్సువాడ వకీలు జగన్మోహనరావు తన కేసు పిలుపు కోసం కోర్టులో వెనక బెంచీ మీద కూర్చుని హీరాబాయి కేసు వాదన విన్నాడు. వినకుండా ఉంటే బాగుండునని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

హీరాబాయి తండా మనిషి. ఆమె మామ ఒక పటేలు దగ్గర పొలం కొన్నాడు. మామూలు కాగితమే, రిజిస్ట్రీ లేదు. పటేలు పోయాక ఆయన కొడుకు హన్మాండ్లు పొలం ఖాళీ చేయమని దావా వేశాడు. అంతకుముందు అదే తండాలోని దేవీబాయి మీద కూడా ఇలాంటి దావానే వేసి గెలిచాడు. అప్పుడు ఆమె వకీలు జగన్మోహనరావే. రిజిస్ట్రీ లేని కాగితం కొన్నవాణ్ణి కాపాడదని అవతలి వకీలు ఒక హైకోర్టు తీర్పు చూపించాడు. పైకోర్టు చెప్పినదాన్ని కింది కోర్టు కాదనలేదు. జవాబేమిటని జడ్జి అడిగితే జగన్మోహనరావు ఏమీ లేదని కూర్చున్నాడు. అప్పీలు సంగతి దేవీబాయి ఎత్తితే, "హైకోర్టే చెప్పినంక ఇగ ఎవరు వింటరు? ఇంటికి పో" అన్నాడు.

ఇప్పుడూ అదే తీర్పు బయటికొచ్చింది. హీరాబాయి వకీలు ముత్యం లేచాడు.

"తీర్పు పైన వేసిన సారాంశం ఒక్కటే చదివితే సరిపోదండి. ఆ కేసులో కొన్నవాడు పొలంలో అడుగే పెట్టలేదు. అందుకే ఆ కాగితం చెల్లదన్నారు. వీళ్లు కొన్ననాటి నుంచీ దున్నుకుంటున్నారు. ఆ తీర్పు వీళ్లకు వర్తించదు."

జడ్జి పేజీలు తిప్పి చూసి, నిజమేనన్నాడు. ఆ పుస్తకం జగన్మోహనరావు బీరువాలోనే ఉంది. ఆనాడు సారాంశం చదివి మూసేశాడు. దేవీబాయి కూడా కొన్ననాటి నుంచీ దున్నుకున్నదే.

హీరాబాయికి తోడుగా వచ్చిన దేవీబాయి వరండాలో ఎదురైంది.

"వకీల్ సాబ్, నా కేసుల చూపిన తీర్పు గిదేనా?"

"గదే."

"మరి నన్ను ఎల్లగొట్టి హీరానెట్ల ఉంచుతుంది?"

"జడ్జి మారిండు గద. ఒక్కొక్కరిది ఒక్కో తీరు."

"నా నసీబ్ గట్లున్నది" అందామె. ఆమె ఇట్టే నమ్మేసరికి ఆయనకు తలెత్త బుద్ధి కాలేదు.

ఆ వారమే బీరువా తెరిచి ఆ తీర్పు చివరిదాకా చదివాడు. ఆదివారం తండాకు వెళ్లాడు. ఆమె మంచం వాల్చింది కానీ ఆయన కూర్చోలేదు.

"జడ్జిది తప్పు లేదు, దేవీబాయీ. నేనే తీర్పు పూరా చదవలే. అప్పీలు వద్దన్నది గూడ నేనే."

"నా పొలంల నేనే కూలికి నాటేస్తున్న, సాబ్" అందామె.

అప్పీలు గడువు దాటింది. తన తప్పు సలహా వల్లే ఆలస్యమైందని ప్రమాణం చేసి రాసిస్తే కోర్టు మన్నించవచ్చు, రాసిస్తానన్నాడు.

"రాయుండ్రి. కేసు మాత్రం ముత్యం సాబ్‌కిస్త."

నిజామాబాద్‌లో జిల్లా జడ్జి ముందు ముత్యం ఆ ప్రమాణపత్రం పైకి చదివాడు. అక్కడున్న వకీళ్లలో సగం మంది జగన్మోహనరావుకు తెలిసినవాళ్లే.

"తీర్పు చదవకుండానే ఊరుకున్నారా?" అని జడ్జి ఆయన్ని అడిగాడు.

"సారాంశం చదివానండి."

వెనక ఎవరో నవ్వారు. జడ్జి ఆలస్యాన్ని మన్నించాడు.

రెండేళ్లకు దేవీబాయికి పొలం తిరిగొచ్చింది. ఆ కబురు ముత్యమే చెప్పాడు. జగన్మోహనరావుకు సంతోషమే కలిగింది. అయినా కోటగిరి బస్సులో దేవీబాయి పొలం పక్క కాలువ గట్టు మీదుగా పోతున్నప్పుడల్లా, నాట్లేసేవాళ్లలో ఆమె ఉంటుందేమోనని, ముఖం అవతలి కిటికీ వైపు తిప్పుకునేవాడు.