టీవీలో రాని సీను

"ఎలాగూ చూస్తావుగా, ఆ చూసేదేదో కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని చూడు" అన్నాడు మా ఆయన మూడేళ్ళ కిందట. మా ఇంట్లో నా నెత్తిన పడే ప్రతి పనీ ఆ "ఎలాగూ"తోనే మొదలవుతుంది. ఎలాగూ లేచావుగా, నా చొక్కా ఇస్త్రీ చెయ్యి. ఎలాగూ వంటింట్లోనే ఉన్నావుగా, ఇంకో టీ పెట్టు. ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా, కరెంటు మనిషి వస్తే చూసుకో. పెళ్ళయిన కొత్తలో ఆ మాటలోని చేదు నాకు తెలియలేదు. ఇప్పుడు వింటే అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఆయన రాసుకుంటూ చూడమన్నది రాణిగారి సీరియల్. సోమవారం నుంచి గురువారం దాకా, సాయంత్రం ఏడింటికి, ముప్పావుగంట. ఎప్పటిదో ఒక రాజ్యం, ఒక రాణి. అందులో చూపించేదంతా నిజమని నేనేం నమ్మలేదు. నాకా మాత్రం తెలియదా? నలుగురు బిడ్డల్ని కన్న రాణికి కంటి కింద ఒక్క గీత ఉండదు. యుద్ధం రెండు నిమిషాల్లో అయిపోతుంది. వెయ్యిమందికి విందు చేస్తారు, అంట్లు తోమే మనిషి ఒక్కతీ కనబడదు. అబద్ధాలు బోలెడు. అయినా నాకా సీరియల్ అంటే పిచ్చి ఇష్టం. రాణిగారు ఏదైనా ఆలోచిస్తుంటే అందరూ ఆగుతారు. మంత్రులు ఆగుతారు, కెమెరా ఆగుతుంది, వెనకాల వాయించేవాళ్ళు కూడా ఆగుతారు. ఒక ఆడమనిషి ఆలోచన తెగేదాకా అంతమంది నోరు మూసుకుని కూర్చోవడం నేనింకెక్కడా చూడలేదు. రోజు మొత్తం మీద నాది అని చెప్పుకోగలిగింది ఆ ముప్పావుగంటే. పొయ్యి కట్టేసి, మా అత్తయ్యను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, పక్కనే కాళ్ళు చాపుకుని కూర్చునేదాన్ని. ఇరవై ఏళ్ళలో మా ఇద్దరికీ కుదిరిన విషయం ఆ సీరియల్ ఒక్కటే.

మా ఆయన కాలేజీలో చరిత్ర లెక్చరరు. సీరియల్ మొదలైన కొత్తలో ఒకరోజు భోజనాల దగ్గర నవ్వుతూ చెప్పాను, "ఏవండీ, ఆ సైనికుడి చొక్కాకి మిషను కుట్టు కనిపించిందండీ" అని. ఆయన నవ్వలేదు. మర్నాడే పేపరుకి ఉత్తరం రాశాడు. వాళ్ళు వేసుకున్నారు, బాగుంది, ప్రతి ఆదివారం రాయండి అన్నారు. "చరిత్రలో లేనిది" అని శీర్షిక, పక్కన కళ్ళజోడుతో ఆయన ఫొటో. పెన్సిలు నా చేతికొచ్చింది అప్పుడే. ఆయన మాత్రం ఒక్కరోజు చూడడు. "ఆ చెత్త చూస్తే నాకు తలనొప్పి" అని లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకుంటాడు. శుక్రవారం పొద్దున టీ తాగుతూ పెన్ను తీస్తాడు. నేను చెప్తాను, ఆయన రాస్తాడు.

కట్టెల పొయ్యి మీద వండే గుడిసెలో గిన్నె అడుగున మసి లేదని చెప్పింది నేను. ఆరేళ్ళు ఖైదులో మగ్గినవాడి గోళ్ళు శుభ్రంగా కత్తిరించి ఉన్నాయని చెప్పింది నేను. తప్పు పట్టడం నాకు చేతనైన పని మరి. నీళ్ళ మీటర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో, తనిఖీ సెక్షన్లో, పెళ్ళయ్యాక కూడా ఎనిమిదేళ్ళు చేశాను. నా చేతి మీదుగా వెళ్ళిన మీటరు బాగాలేదని తిరిగొచ్చింది లేదు. అక్కడ సూపర్వైజరు కొత్తవాళ్ళందరినీ నా పక్కన నిలబెట్టేవాడు. ఇంట్లో అదే కన్ను మా ఆయన పేరు మీద పనిచేస్తోంది. అదీ పోనీలే అనుకుందాం. నా సీరియల్ పోయింది, అదీ నా బాధ. అక్కడ రాణిగారు బిడ్డ పోయి గుండెలవిసేలా ఏడుస్తుంటే, ఇక్కడ నేను ఆవిడ వెనకాల గోడ మీద కరెంటు బోర్డు ఏమైనా కనబడుతుందా అని వెతుక్కుంటున్నాను.

పోయిన నెలలో ఒక ఆదివారం వాళ్ళ డిపార్ట్‌మెంట్ హెడ్డుగారు, ఆయన భార్య మా ఇంటికి భోజనానికి వచ్చారు. పొద్దున ఐదింటికి వంటింట్లో దూరినదాన్ని వాళ్ళు కూర్చున్నాక వడ్డించడానికి బయటికొచ్చాను.

"ఆ మసి లేని గిన్నె సంగతి భలే పట్టారండీ" అన్నాడు హెడ్డుగారు.

"అలవాటండీ. కన్ను దానంతటదే పడుతుంది" అన్నాడు మా ఆయన, తల కూడా ఎత్తకుండా.

నా చేతిలో గరిటె ఉంది. నిజం చెప్పాలంటే ఆ గరిటెతో ఏం చేయాలనిపించిందో రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. హెడ్డుగారి భార్య మంచావిడ. "మీరేమైనా ఉద్యోగం చేసేవారా అండీ?" అని నన్నడిగింది. నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు.

"ఏదో ఫ్యాక్టరీలో చేసేదండీ. తనకే ఇష్టం లేక మానేసింది. ఇంటిపట్టున ఉండటమే తనకి సుఖం."

"అదృష్టవంతులండీ మీరు" అంది ఆవిడ నాతో. నేను నవ్వాను. నవ్వినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

జరిగింది ఇదీ. పన్నెండేళ్ళ కిందట మా అత్తయ్య స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. "ఆర్నెల్లు సెలవు పెట్టు" అన్నాడు మా ఆయన. ఫ్యాక్టరీవాళ్ళు అంత సెలవు కుదరదన్నారు. "అయితే మానెయ్, అమ్మ లేచి తిరిగాక మళ్ళీ చేరుదువుగాని" అని రాజీనామా కాగితం తనే రాసుకొచ్చాడు. "నా ఇష్టపూర్వకంగా" అని రాసి ఉంది అందులో. సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు. ఆర్నెల్లకు అత్తయ్య లేచి తిరిగింది. నేను అడిగితే "అమ్మనొక్కదాన్నీ ఎలా వదుల్తాం?" అన్నాడు. ఇంకో ఏడాదికి అడిగితే "ఇప్పుడు నిన్నెవరు రమ్మంటున్నారు?" అన్నాడు. ఆ తర్వాత నేను అడగడం మానేశాను. ఏ రాజుగారి చొక్కాకో బొత్తాం మారితే ఊరుకోని మనిషి, పన్నెండేళ్ళ నా బతుకును భోజనాల బల్ల దగ్గర నాలుగు మాటల్లో మార్చి చెప్పి, మజ్జిగ అడిగాడు.

ఆ వారం నాలుగు రోజులూ నేను పెన్సిలు ముట్టుకోలేదు. ఊరికే చూశాను. గోడల్ని వదిలేశాను, కుట్లను వదిలేశాను, రాణిగారి ముఖం చూస్తూ కూర్చున్నాను. ఎన్నాళ్ళకో ప్రాణం లేచొచ్చినట్టయింది.

శుక్రవారం పొద్దున మా ఆయన పెన్ను తీశాడు. "ఊఁ, చెప్పు. ఈ వారం ఏం వెలగబెట్టారు?"

కాగితం ఖాళీగా ఉంది. ఏమీ రాసుకోలేదని చెబుదామనే నోరు తెరిచాను. వచ్చింది వేరే.

"సభలో పరదేశపు దూతలు కూర్చున్నారు. రాజుగారు వాళ్ళతో అన్నాడు, పరిపాలన అంటే మా రాణికి మొదట్నుంచీ ఇష్టం లేదు, తనే మానుకుంది అని. రాణిగారు లేచింది. నడుముకున్న కోట తాళాలు తీసి రాజుగారి ఒళ్ళో పడేసింది. నేను మానుకోలేదు, మీరు మాన్పించారు అంది. అందరూ చూస్తుండగా పెద్ద గుమ్మంలోంచి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు."

ఆయన ముఖం వెలిగిపోతోంది.

"నిండు సభలోనా? దూతల ముందా? ఒక రాణి? భలే దొరికారు" అని గబగబా రాసుకున్నాడు. మళ్ళీ ఏం అనుమానం వచ్చిందో, ఒక్క సాక్ష్యం చాలదనుకున్నాడో ఏమో, పక్కకు తిరిగాడు. "అమ్మా, నువ్వూ చూశావా?"

అత్తయ్య నా పక్కనే కూర్చుని నాలుగు రోజులూ చూసింది. అలాంటి సీను లేదని ఆమెకు తెలుసు. టీలో బిస్కెట్టు ముంచుతున్నదల్లా ఆగి నా వంక చూసింది.

"చూశానురా" అంది. "చెప్పులు కూడా అక్కడే విడిచేసి పోయింది."

ఆయన చెప్పుల సంగతి కూడా రాసుకున్నాడు.

ఆయన కాలేజీకి వెళ్ళాక అత్తయ్యకు తల దువ్వుతూ "ఎందుకలా చెప్పారత్తయ్యా?" అని అడిగాను.

"నాకూ అదే చెప్పాడు అప్పట్లో. నీకే ఇష్టం లేదు, మానేస్తానన్నావు అని" అంది. "నేను నమ్మలేదనుకో. నమ్మినట్టుంటే నాకు వీలుగా ఉండింది. ఊరుకున్నా."

ఈవిడ మీద కూడా కోపం వచ్చింది. పన్నెండేళ్ళు నా చేతి కూడు తింటూ తెలిసి ఊరుకుందన్నమాట. ఆ కోపం ఇంకా పోలేదు. కానీ ఆ పూట ఆమె నా పక్కన నిలబడింది, అదీ నిజమే.

ఆదివారం పేపర్లో వచ్చింది. "ఏ కాలంలోనూ ఏ రాణీ ఇలా చేసినట్టు ఆధారం లేదు. చేసే అవకాశమే లేదు. ఇలాంటి కట్టుకథలు మన ఆడపిల్లల బుర్రలు పాడుచేస్తాయి" అని ముగించాడు. నేను మూడుసార్లు చదివాను. ఆ తాళాలు, ఆ గుమ్మం, ఆ మాట అన్నీ అచ్చులో ఉన్నాయి.

మంగళవారం మూడింటికే ఇంటికొచ్చాడు. చెమటలు కక్కుతున్నాడు.

"ఏ రోజొచ్చింది ఆ సీను?"

"రాలేదు."

"రాలేదంటే?"

"రాలేదంటే రాలేదండీ. నేను చెప్పాను, మీరు రాశారు."

టీవీవాళ్ళు పేపరుకి నోటీసులాంటి ఉత్తరం పంపారట, మేం వెయ్యని సీను మాకెలా అంటగడతారని. అదొక్కటే కాదట. ఆ సీను ఏ రోజొచ్చింది, మళ్ళీ ఎప్పుడేస్తారు అని అరవైమంది ఆడవాళ్ళు పేపరాఫీసుకి ఫోన్లు చేశారట. ఆదివారం పేజీ చూసే ఎడిటరమ్మ ఆరింటికి ఇంటికి ఫోన్ చేస్తానందట.

ఎందుకు చెప్పావని అడుగుతాడనుకున్నాను. ఆ ఒక్క మాట అడిగితే కూర్చోబెట్టి అంతా చెప్పేదాన్ని. అడగలేదు. "నా పరువేం కావాలి?" అని గదంతా తిరిగాడు. తిరిగి తిరిగి గొంతు మెత్తబరిచి నా దగ్గరికొచ్చాడు.

"చూడు, ఆవిడతో నువ్వు మాట్లాడు. ఆ సీను వేశారు, రెండోసారి వేసినప్పుడు తీసేశారు అని చెప్పు. అమ్మ కూడా చూశానంటుంది. ఇద్దరు చూశామంటే కాదనేదెవరు?"

"అది అబద్ధం కదండీ."

"చిన్న సర్దుబాటు. ఎవరికి నష్టం? పుట్టించింది నువ్వేగా, నిలబెట్టు."

"మరి హెడ్డుగారి ముందు నా ఉద్యోగం గురించి అలా ఎందుకు చెప్పారు?"

"ఇప్పుడా గొడవేంటి?" అని విసుక్కున్నాడు. "నేనేం లేనిది చెప్పలేదే. కాగితం మీద నీ సంతకం ఉంది."

ఆయన ఆ మాట నన్ను బాధపెట్టడానికి అనలేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు. కాగితం ఆయన రాసి, నా చేత పెట్టించిన సంతకమే ఆయనకు ఆధారం. అలాంటి కాగితాల్ని పట్టుకునే కదా ఏ రాణీ అలా చెయ్యలేదని అంత ధీమాగా రాసింది.

ఆరింటికి ఫోన్ మోగింది. "మా మిసెస్ చూసిందండీ, తనతోనే మాట్లాడండి" అని నా చేతికిచ్చి, ఎదురుగా నిలబడ్డాడు.

"ఆ సీను రాలేదండీ" అన్నాను ఎడిటరమ్మతో. "నేను కల్పించి చెప్పాను."

"మీరు చెప్పడమేంటండీ? రాసేది సారు కదా?"

"రాసేది ఆయన. చూసేది నేను. మొదటి వారం నుంచీ నేనే చూసి చెప్తున్నాను. ఆయన ఇంతవరకు ఒక్కరోజు కూడా చూడలేదు."

ఫోన్ ఆయనకివ్వమంది ఎడిటరమ్మ. ఆయన నిలబడే మాట్లాడాడు. "అవునండీ. లేదండీ. తప్పేనండీ. ఈరోజు నుంచి నేనే చూసి రాస్తానండీ." ఫోన్ పెట్టేసి లోపలికి వెళ్ళిపోయాడు.

ఏడింటికి కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చాడు. ఒళ్ళో కాగితాలు, చేతిలో పెన్సిలు. సీరియల్ మొదలైంది. ఒక గదిలో ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని మాట్లాడుకుంటున్నారు. ఒక నిమిషం చూశాడు, రెండు నిమిషాలు చూశాడు, పెన్సిలు కదల్లేదు. నావైపు వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"వీళ్ళలో రాణి ఎవరు?"

నూట యాభై వారాలు ఆ రాణి మీద రాసి పేరు తెచ్చుకున్న మనిషి. అత్తయ్య నా వంక చూసింది, నేను ఆమె వంక చూశాను.

"నిన్నే. చెప్పవేం?"

"నేను చూస్తున్నానండీ" అన్నాను. "మీరూ చూడండి."