ఆకులకి షుగరొచ్చింది

పాలీహౌస్‌లో, ప్లాస్టిక్ కప్పు కింద, టమాటా మొక్కలు పచ్చబడ్డాయి. పచ్చగా ఉండటం వేరు, పచ్చబడటం వేరు. మొదటిది చూస్తే కడుపు నిండుతుంది, రెండోది చూస్తే కామెర్లు గుర్తొస్తాయి. కింది ఆకుల్లో ఈనెలు మాత్రం ఆకుపచ్చగా నిలబడ్డాయి, వాటి మధ్య జాగా అంతా పసుపు పూసుకుంది. కాయలు గోళీల సైజు దగ్గర ఆగిపోయి, ఇంతకంటే ఎదగం పొమ్మని భీష్మించుకున్నాయి.

ఆ తోటలో మొక్కల పెత్తనం వదినది. మొదట్లో మరిది ఒక్కడే ఆమెని వదినా అనేవాడు. ఇప్పుడు పళ్లు కొనేవాళ్ల దగ్గర్నుంచి కరెంటు మీటరు చూసేవాడి దాకా అందరికీ ఆవిడ వదినే. కొనుగోళ్లు, అమ్మకాలు మరిదివి. అతనికి ఇంట్లో పెట్టిన ముద్దుపేరు తొందరబాబు. టీ చల్లారేదాకా ఆగలేక నాలుక కాల్చుకుని, ఆ కోపం కప్పు మీద తీర్చుకునే రకం.

"వదినా, రేపు పొద్దున్నే కూలీల్ని పిలిచాను. మొత్తం పీకించేస్తున్నా" అన్నాడు సాయంత్రం, చెప్పులు కూడా విప్పకుండా.

"పీకడానికి అవేమన్నా పిప్పిపళ్లా నాయనా?"

"అంతకన్నా అన్యాయం. వైరస్ అయ్యుంటుంది. ఇవాళ పీకకపోతే పక్క షెడ్డుకి పాకుతుంది. అప్పుడు మన పీక మీదకొస్తుంది. వాటికి నేనేం తక్కువ చేశాను? మొక్కలకి పారే ట్యాంకు నీళ్లలో పొటాష్ పెంచాను. తగ్గలేదని మళ్లీ పెంచాను."

"పొటాష్ కాదు, పటాసు పెట్టావు" అంది వదిన.

ఆ తప్పులో తనకీ వాటా ఉందని ఆమెకి తెలుసు. పళ్లలో తీపి చాల్లేదని కిందటి పంటలో కొనేవాళ్లు మూతి ముడిచారు. పొటాష్ వేస్తే తీపొస్తుందని మరిది అంటే, కాస్త వేస్తే మంచిదేనని తనే తల ఊపింది. మరిది దృష్టిలో కాస్తంటే సంచెడని అప్పుడు తట్టలేదు. ఇప్పుడా మొక్కలు పోతే పంటంతా పోయినట్టే. విత్తనం నాటిన రోజునుంచి ఒక్కొక్క దాన్నీ తాడు కట్టి పైకి పాకించింది తనే. చేతులు కట్టుకుని చూస్తూ ఊరుకోవడం ఆవిడ జాతకంలో లేదు.

ఒక కింది ఆకు తుంచి మడిచింది. లేతగా వంగాల్సింది అట్టముక్కలా పుటుక్కున విరిగింది. మొక్క నాటిన కొబ్బరి పొట్టు సంచిలో వేలు పెట్టి కెలికింది. గుప్పెడు వేళ్లు కూడా లేవు. ఆకులు బరువు, వేళ్లు కరువు.

"ఇవి ఆకలి మొక్కలు కావు మరిదీ. అజీర్తి మొక్కలు."

"ఆకు అలిగితే ఆకలి కాదా?"

"నీ మాటల పిచ్చి తగలెయ్య! నత్రజని తక్కువైతే మొక్క ఏం చేస్తుందో తెలుసా? ఆకులు పెంచడం తగ్గించి, చేసుకున్న చక్కెర ఎక్కువగా వేళ్లకి పంపుతుంది, పోయి తిండి వెతుక్కురండర్రా అని. భాస్వరం తక్కువైనా దాదాపు అదే కథ. ఇక్కడ తల్లకిందులు. ఆకు చక్కెర చేస్తోంది, కిందకి దించట్లేదు. అది మెగ్నీషియం లోటు. నువ్వు పోసిన పొటాష్ వేళ్ల దగ్గర గుంపు కట్టి, మెగ్నీషియాన్ని లోపలికి రానివ్వట్లేదు."

పక్కనే కూర్చుని ఇదంతా వింటున్న అత్తగారు కళ్లజోడు సర్దుకున్నారు. "అంటే వంట అయింది, వడ్డన లేదంటావు."

"అంతే అత్తయ్యా!"

"ఆకులకి షుగరన్నమాట. నాకొచ్చిందే వాటికీ వచ్చింది, పాపం" అని ఆవిడ కాస్త సంబరపడ్డారు.

"మాటలెన్నైనా చెప్పొచ్చు, రుజువేది వదినా?" అన్నాడు మరిది.

"పొద్దున్న కూలీలు రాకముందే చూపిస్తా. నువ్వు టీ చల్లారాక తాగు చాలు."

తెల్లవారుతూనే, ఎండ పొడ తగలకముందే వదిన రెండు ఆకులు కోసింది. ఒకటి జబ్బు వరసలోది. రెండోది పాలీహౌస్ తలుపు పక్కన అత్తగారి బకెట్లలోది. మిగిలిన నారు పారేయడానికి మనసొప్పక ఆవిడ మట్టి నింపి నాటుకున్నవి. ట్యాంకు నీళ్లు ఎరగవు కానీ నిగనిగలాడుతున్నాయి.

"పగలు ఆకు చక్కెర చేసి, మిగిలింది గంజిపిండిగా దాచుకుంటుంది. రాత్రంతా దాన్ని కరిగించి వేళ్లకీ కాయలకీ పంపాలి. తెల్లారేసరికి ఆకు చాలావరకు ఖాళీ అవ్వాలి. ఎవరి కొట్టు ఖాళీనో చూద్దాం."

వంటింట్లో ఆకుల్ని మరిగే నీళ్లలో ముంచింది. తర్వాత స్టవ్వు ఆర్పి, స్పిరిట్ గ్లాసుని ఆ వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి, అందులో ఆకులు వేసింది. పచ్చదనమంతా స్పిరిట్‌లోకి దిగిపోయి అవి పాలిపోయాయి. కడిగి పళ్లెంలో పరిచింది. "గంజిపిండి తగిలితే ఇది నల్లనీలం అవుతుంది" అంటూ దెబ్బలకి పూసే అయోడిన్ సీసా మూత తీసి, రెంటి మీదా చుక్కలు వేసింది.

"అది నా గిన్నె!" అన్నారు అత్తగారు.

"కొత్తది కొనిస్తాడు మీ అబ్బాయి."

బకెట్ మొక్క ఆకు అయోడిన్ రంగులోనే ఉండిపోయింది. జబ్బు ఆకు మాత్రం చూస్తూండగానే సిరా ఒలికినట్టు నల్లనీలంగా మారింది.

మరిది వంగి చూశాడు. పక్కకి తిప్పి మళ్లీ చూశాడు. "నిండుగా ఉంది..."

"గిడ్డంగి నిండుగానే ఉంది, గుమ్మం మూసుకుంది."

"మరి వైరస్ కాదని గ్యారంటీ ఏంటి?"

"అన్ని వరసలూ ఒకేసారి, ఒకే తీరుగా, కింది ఆకులే పచ్చబడ్డాయి. చిగుళ్లు శుభ్రంగా ఉన్నాయి. వైరస్ ఇంత క్రమశిక్షణగా రాదు. మీ అమ్మ బకెట్ మొక్కలు వీటిని రాసుకునే పెరుగుతున్నాయి, వాటికి తుమ్మైనా రాలేదు."

బయట కూలీలు వచ్చారు. మరిది గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూశాడు.

"పోనీ సగం వరసలు పీకిద్దామా?"

"ఒక్కటి కూడా వీల్లేదు. పొటాష్ తగ్గిస్తున్నా, మెగ్నీషియం సల్ఫేట్ పెంచుతున్నా. వేళ్లు కోలుకునేదాకా ఆకుల మీద కూడా కొట్టిస్తా. వాళ్లెలాగూ వచ్చారు, పిచికారీలు చేతికివ్వు."

అతను ఇచ్చాడు. పీకడానికొచ్చిన చేతులే ఆ రోజు పిచికారీ కొట్టాయి.

వారం పోయాక మరిది మళ్లీ పరుగెత్తుకొచ్చాడు. "పచ్చబడ్డ ఆకులు అలాగే ఉన్నాయి!"

"బాగా పసుపెక్కినవి ఇక తిరిగి రావు. వాటి పైన విచ్చుకున్న కొత్తవాటిని చూడు."

కొత్త ఆకులు మెత్తగా, నిండుపచ్చగా ఉన్నాయి. అతనికది సరిపోలేదు. ఇంకొన్నాళ్లు గింజుకుని, ఒక ఉదయం వదిన తోటలో లేనప్పుడు ఒక మొక్కని బోర్లించి సంచి ఊడలాగాడు. పొట్టు ముద్ద చుట్టూ తెల్లటి కొత్త వేళ్లు వల అల్లినట్టు కమ్ముకున్నాయి. దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, పొట్టు రాలుస్తూ, వంటింటి దాకా తెచ్చాడు.

"వదినా! కిందకి దిగింది! చక్కెర వేళ్లకి దిగింది!"

వదిన వేళ్లని చూసింది. గుత్తిలో కాయలు పిడికెడయ్యాయి, ఒకటి ఎరుపెక్కుతోంది. తాడు తెగి కాండం మధ్యలో విరిగి వేలాడుతోంది.

"నా తోటలో చచ్చిన మొక్క ఇదొక్కటే మరిదీ" అంది వదిన. "ఇది మాత్రం నీ లోటు."