కొక్కెం విప్పిన మధ్యాహ్నం

నేను ఒక ఇంటిని. కాకపోతే నాకు పునాది లేదు, రెండు చక్రాలున్నాయి. నన్ను కారవాన్ అంటారు. ఆ మాట వినగానే సినిమా తారలు మేకప్ వేసుకునే పెద్ద ఏసీ బస్సు మీ కళ్ళ ముందు మెదులుతుందని నాకు తెలుసు. నేనా జాతిదాన్ని కాదు. నాకు ఇంజను లేదు, స్టీరింగు లేదు. ముందువైపు ఒక ఇనప కొక్కెం ఉంది. దాన్ని ఏ బండికి తగిలిస్తే ఆ బండి వెనకాల వెళ్తాను. విప్పేస్తే విప్పిన చోట ఉండిపోతాను.

కాకినాడలో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో పుట్టాను. నన్ను కట్టిన జిలానీ మేస్త్రికి లారీలు తప్ప మరొకటి తెలియదు. అందుకని నా వీపు మీద కూడా అలవాటుగా రెండు చిలకల్ని వేయించి, కింద 'హారన్ ప్లీజ్' అని రాయించాడు.

"ఇంటెనకాల హారనెవడు కొడతాడయ్యా?" అన్నాడు నన్ను చేయించుకున్న నూకరాజు.

"రోడ్డెక్కాక ఇల్లైనా బండేనండి," అన్నాడు మేస్త్రి.

నూకరాజు లారీ డ్రైవరు. మీసం వచ్చీరాని వయసులో క్లీనరుగా ఎక్కి, మీసం నెరిశాక దిగాడు. నాగపూరు, రాయపూరు, కటక్ ఆయనకు పక్క వీధులు. సొంత వీధిలో మాత్రం చుట్టమే. ఆయన భార్య మంగతాయారు సామర్లకోట దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లులో పని చేసేది. పెళ్ళైన కొత్తలో వాళ్ళకొక ఆడపిల్ల పుట్టింది. పట్టుమని పది నెలలు నిండకుండానే విషజ్వరం వచ్చి పోయింది. ఆ వేళ నూకరాజు రాయపూరులో సిమెంటు దింపిస్తున్నాడు. ఆయన ఇల్లు చేరేసరికి పిల్లను మట్టిచేసి వచ్చేశారు. మళ్ళీ పిల్లలు కలగలేదు. ఇవన్నీ నా లోపల కూర్చుని వాళ్ళిద్దరూ చెప్పుకుంటుంటే విన్న సంగతులే. నాకు గోడలు పలచన గానీ చెవులు పలచన కావు.

నా పుట్టుకకు కారణం తాయారు నోటి వెంట వచ్చిన ఒక వేళాకోళం. ఆయన లారీ దిగిపోయి ఇంట్లో కూర్చున్న కొత్తల్లో, ఒంటికి పడక, గుమ్మంలోకీ వీధిలోకీ తిరుగుతుంటే ఆవిడ నవ్విందట.

"నువ్వా ఇంట్లో నిలవ్వు. నేనా బండెక్కలేను. మనం కాపరం చేసేదెప్పుడయ్యా? ఇల్లట్టుకెళ్ళి బండికి కట్టేయ్. గొడవొదిలిపోద్ది."

ఆవిడ నవ్వులాటకు అంది. ఆయన మర్నాడే జిలానీ మేస్త్రి షెడ్డుకు వచ్చాడు. నాలో ఇద్దరు పడుకునే మంచం, గ్యాసు పొయ్యి, మడిస్తే గోడకు అతుక్కునే బల్ల, మంచం పక్కనే ఒక కిటికీ పెట్టించాడు. కిటికీ ఎత్తు కొలవడానికి తాయారును షెడ్డుకు తీసుకొచ్చి, ఉత్త చెక్క మీద పడుకోబెట్టి చూశాడు. పనివాళ్ళు నవ్వుకున్నారు. ఆవిడ చెంగు మొహాన కప్పుకుని, "కనపడతందిలే, లేపు నన్ను," అంది.

మొదట్లో నన్ను లాగింది పాత డీజిల్ జీపు. అది బయల్దేరేటప్పుడు వదిలే నల్లటి పొగ తిన్నగా నా కిటికీలోకే వచ్చేది. మిల్లు ఊక ధూళి అప్పటికే తాయారు ఊపిరితిత్తుల్లో కాపరం పెట్టింది. పొగ తగిలితే దగ్గు అందుకునేది. ఒకసారి ఉప్పాడ ఒడ్డున ఆ దగ్గు ఎంతకీ ఆగక, ఆవిడ నా గుమ్మం పట్టుకుని కూలబడిపోయింది. నూకరాజు జీపు వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. తిండి పెట్టిన డీజిలునే ఆయన ఆ వేళ పగవాడిలా చూశాడు.

ఆ వారమే జీపు అమ్మేశాడు. బ్యాంకులో దాచుకున్నదంతా తీసి కరెంటు కారు కొన్నాడు. లారీల అసోసియేషన్ దగ్గర టీ తాగేవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. "ఏం నూకరాజూ, సెల్‌ఫోనుకి ఎడ్లబండి కట్టేవా?" అన్నారు. మనుషులు చిత్రమైనవాళ్ళు. పొగ వదిలే బండిని నమ్ముతారు, వదలనిదాన్ని చూసి అనుమానపడతారు.

నేనూ అనుమానపడ్డాను, అబద్ధమెందుకు. కానీ ఆ కారు నన్ను మొదటిసారి లాగినప్పుడు నాకు బయల్దేరినట్టే తెలియలేదు. కుదుపు లేదు, రొద లేదు. పడవ ఒడ్డు విడిచినట్టు కదిలాను. తాయారు ముందుసీట్లో కూర్చుని అద్దం దించి, గుండెల నిండా గాలి పీల్చి, "ఏవయ్యో, బండి నడుస్తందా లేదా?" అని అడిగింది. అంత బరువు లాగేవాడు అద్దంలో వెనక్కి చూడాలి కదా, నూకరాజు మాత్రం ఆవిడ మొహమే చూస్తున్నాడు.

ఆ కారుకు ఉన్న చిక్కు ఒక్కటే. ఒంటరిగా వెళ్ళేటప్పుడు ఎంత దూరమైనా హుషారుగా పోయేది, నన్ను తగిలిస్తే అందులో సగానికే నీరసపడేది. ఛార్జింగ్ పెట్టే చోట్లన్నీ ఒంటి కార్ల కోసం కట్టినవే. ముక్కు గోడకు ఆనించి నిలబెట్టాలి. వెనక నేనుంటే దారి మూసుకుపోతుంది. అందుకని ప్రతిసారీ నన్ను ఏ చెట్టు కిందో విప్పి, నేను వాలిపోకుండా ముందున్న చిన్న ఊత చక్రం దించి, కారు ఒక్కటే వెళ్ళి నింపుకుని రావాలి. అంతర్వేది వెళ్ళినా కొల్లేరు వెళ్ళినా అలాగే చేశాం. ఆయన వచ్చేలోపు తాయారు నాలో కూర్చుని బియ్యం కడిగేది, లేకపోతే కిటికీలోంచి దారిన పోయేవాళ్ళను పలకరించేది. "మీ ఇల్లు బాగుందమ్మా" అని ఎవరైనా అంటే, "మాకు పొరుగోళ్ళు రోజుకొకళ్ళు" అనేది. ఆవిడ అంత సుఖంగా ఉండడం అంతకుముందు ఎవరూ చూసి ఉండరు.

ఆవిడకొక కోరిక ఉండేది. వయసులో ఉన్నప్పుడు నూకరాజు జగదల్‌పూరు లోడు వేసుకుని వెళ్ళి వచ్చినప్పుడల్లా చిత్రకోట జలపాతం గురించి చెప్పేవాడట. గోదారి నిలబడి దూకినట్టుంటుందనేవాడట. "నువ్వు చూసిందే ఎన్నిసార్లు చెప్తావు? నన్నూ చూడనీ," అంది ఆవిడ ఒకరోజు. డాక్టరు చలికాలం పోయాక వెళ్ళమన్నాడు. పోయాకే బయల్దేరాం.

గోకవరం దాటి, మారేడుమిల్లి ఘాట్ ఎక్కేముందు కారుకు కడుపునిండా ఛార్జింగ్ కావాలి. ఆపైన అడవిలో దొరకదు. రోడ్డు పక్కన ఒక హోటలు ఆవరణలో మిషను ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ డబ్బాతో లోపలికి రాకండి బాబూ. మిగతా బళ్ళు తిరగడానికుండదు. అక్కడ రోడ్డార ఎక్కడైనా ఇప్పేసి రండి."

అతని తప్పేమీ లేదు. చోటు నిజంగానే లేదు. నూకరాజు వెనక్కి వచ్చి, కొంచెం దూరంలో ఒక వేపచెట్టు నీడ చూసి నన్ను నిలిపాడు. తాయారు అప్పటికే అలిసిపోయి ఉంది. కారు దిగి నాలోకి ఎక్కి మంచం మీద వాలింది.

"నువ్వూ రావే. హోటల్లో చల్లగా కూకుందువుగాని," అన్నాడాయన.

"ఆ తాలింపు పొగ నాకు పడదు. నువ్వెళ్ళిరా."

"ఒక్కద్దానివే ఉండగలవా?"

"ఇన్నాళ్ళూ ఎవరితో ఉన్నానంట?" అని నవ్వింది. ఆ మాట ఆయనకు ఎక్కడ తగిలిందో, కొక్కెం విప్పబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆవిడ కిటికీలోంచి తల పెట్టి, "ఎల్లవయ్యా. నేనెక్కడికి పోతాను?" అంది.

కొక్కెం విప్పి వెళ్ళాడు.

అక్కడ మిషను దగ్గర అప్పటికే వేరే కారు ఉందట. అది పూర్తయ్యేదాకా ఆగి, ఆ తర్వాత పెట్టాడట. అదంతా నాకు తర్వాత తెలిసింది. నాకు తెలిసింది ఇది.

తాయారు కాసేపు నిద్రపోయింది. మధ్యలో లేచి కూర్చుంది. ఊపిరి అందడం లేదు. మందు పీల్చుకుంది. దగ్గరే ఉన్న ఫోను చేతిలోకి తీసుకుని, ఒకసారి చూసి, మళ్ళీ పెట్టేసింది. కంగారు పెట్టడం దేనికనుకుందో ఏమో. మళ్ళీ పడుకుని కిటికీలోంచి వేపాకుల్ని చూస్తూ ఉంది. అప్పుడు రోడ్డు మీద పెద్ద లారీ ఒకటి చాలా దగ్గరగా పోయింది. ఆ గాలి విసురుకు నా ఒళ్ళంతా కదిలింది, కొక్కెం ఖణేల్మంది. కారు తగిలించేటప్పుడు ఎలా కదులుతానో సరిగ్గా అలాగే.

ఆవిడ మొహం విప్పారింది. తలుపు వైపు తిరిగి, "అప్పుడే వచ్చేసేవా?" అంది. జవాబు కోసం చూడలేదు. ఆయన వచ్చాడంటే కొక్కెం బిగిస్తూ ఉంటాడని ఆవిడకు తెలుసు. జారిన చెంగు సర్దుకుని, ఆయనకు చోటు ఉంచడానికన్నట్టు గోడవైపు జరిగి కళ్ళు మూసుకుంది. ఆ కళ్ళు మళ్ళీ తెరవలేదు.

నూకరాజు వచ్చేసరికి ఎండ వాలింది. చేతిలో పెసరట్ల పొట్లం ఉంది. వచ్చీరాగానే అలవాటు ప్రకారం ముందు నన్ను తగిలించాడు. బిగిస్తూ బయటినుంచే మాట్లాడాడు.

"ఆలీసమైపోయింది, ఏవనుకోకు. ఎవడో ముందే ఎట్టేశాడు. ఇదిగో అయిపోయింది. లే, వేడిగా ఉన్నాయి, తినేసి ఎల్దాం."

నేను వద్దనలేను. ఆగమనలేను. ఆయన తలుపు తీశాడు.

జలపాతం దాకా వెళ్ళలేదు. ఆవిడను ముందుసీటుకు మార్చనివ్వక, అంబులెన్సు వద్దని, నా మంచం మీదే ఉంచి కాకినాడ తీసుకొచ్చాడు. కారు చప్పుడు చేయకుండా నడిచింది. దారి పొడుగునా ఆయన ఏడుపు నాకు వినిపిస్తూనే ఉంది. ఏ డీజిలు ఇంజనైనా ఉంటే దాన్ని కప్పేసి ఉండేది.

ఆ తర్వాత నన్ను ఇంటి ముందు సందులో నిలబెట్టి టార్పాలిన్ కప్పేశాడు. లోపలికి మాత్రం రాలేదు. టిఫిను బండి పెట్టుకుంటామని ఒకరు, పూల కొట్టుకు ఇమ్మని ఇంకొకరు అడిగారు. ఇవ్వలేదు. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళతోనూ ఒక్కటే మాట. "పిల్ల పోయినప్పుడూ లేను, ఇప్పుడూ లేను. ఎంత పిలిచిందో. ఎవళ్ళూ పలక్కపోతే ఎంత భయపడిందో." టార్పాలిన్ కింద నిలబడి ఆ మాటలు వినేదాన్ని. పిలవలేదయ్యా, భయపడలేదయ్యా అని నా ప్రతి మేకూ అరిచేది. మేకు అరిస్తే తుప్పు రాలుతుంది, అంతే.

కొన్నేళ్ళకు మనోజ్ఞ అనే అమ్మాయి వెతుక్కుంటూ వచ్చింది. ఇంజనీరు. రాజమండ్రి దగ్గర హైవే మీద కారవాన్లు లాగే కార్ల కోసం ఛార్జింగ్ స్థలం కడుతున్నారట. ఇప్పుడు వచ్చే కారవాన్లు వేరట. వాటి కడుపులోనూ బ్యాటరీ ఉంటుంది, చక్రాలకు సొంత మోటార్లు ఉంటాయి, లాగే కారుకు బరువు తెలియకుండా తామే తోస్తాయి. విని ఈర్ష్యపడ్డాను. ఒకరు ఈడ్చుకుపోతే వెనకాల పోయిన నాకు, తోడుగా నడవడమంటే ఏమిటో తెలియదు.

"మీది పాతకాలం బండి కదండీ. ఇది మా దారిలో ఇమిడితే ఏ బండైనా ఇముడుతుంది. ఒక్కసారి తెచ్చి చూపిస్తారా?" అని అడిగింది.

ఆయన తల అడ్డంగా ఊపబోయి ఆగాడు. "అక్కడ దీన్ని ఇప్పాలా అమ్మా?"

"అక్కర్లేదండి. ఇటునుంచి వచ్చి, పక్కనే ఆగి, అటునుంచి వెళ్ళిపోవడమే. అందుకే కడుతున్నాం."

నూకరాజు టార్పాలిన్ లాగేశాడు. నా చక్రాలకు గాలి కొట్టించి, తానే నడుపుకుంటూ వచ్చాడు. పొడవాటి పందిరి కింద కారూ నేనూ ఒకే వరసలో ఆగాం. మనోజ్ఞ తీగ తెచ్చి కారుకు పెట్టింది. నన్నెవరూ విప్పలేదు.

ఆయన కారు దిగి, నా తలుపు దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. తర్వాత తీసి లోపలికి వచ్చాడు. మంచం మీద ఆవిడ ఉంచిన చోటులోనే, అంచున కూర్చున్నాడు. ఛార్జింగ్ నిండేదాకా అలాగే కూర్చున్నాడు. ఒక్కసారి మాత్రం, "ఇక్కడే ఉన్నానే," అన్నాడు.

నిండిందని మనోజ్ఞ వచ్చి చెప్పింది. ఆయన కళ్ళు తుడుచుకుని దిగి, తన చేతులతోనే నా కొక్కెం విప్పాడు. "దీన్నిక్కడే ఉంచుకోండమ్మా. ఎవరన్నా ఒంట్లో బాగోనోళ్ళొస్తే పడుకోబెట్టండి. ఒక్కళ్ళనే మాత్రం వదిలేయకండి," అన్నాడు. కారు చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేను ఆ పందిరి చివర ఉంటున్నాను. కొత్త కారవాన్లు వస్తాయి, నింపుకుంటాయి, కుటుంబాలను దింపకుండానే వెళ్ళిపోతాయి. నా మంచం మీద పసిపిల్లలు నిద్రపోతారు, వాళ్ళ తల్లులు పక్కనే ఉంటారు. నన్ను బాగానే చూసుకుంటున్నారు.

ఇంతసేపు నా కథ విన్నారు కాబట్టి ఒక్క సాయం అడుగుతాను. మీరు కాకినాడ వెళ్తే, లారీల అసోసియేషన్ దగ్గర టీ కొట్టులో, బల్ల చివర ఎవరితోనూ కలవకుండా కూర్చునే పెద్దాయన కనిపిస్తాడట. ఆయన పక్కన కాసేపు కూర్చోండి. ఆవిడ పిలిచి పిలిచి పోలేదని చెప్పండి. నువ్వు వచ్చేశావనుకుని, నీకు చోటిచ్చి పడుకుందని చెప్పండి. నాకు నోరు లేదు.